పరిశోధనకు పైసలెక్కడివి?
ఫెలోషిప్‌ల చరిత్రలో ఆదివాసీ విద్యార్థి

నాకు ఫెలోషిప్ వచ్చిందని ఇంట్లో చెప్పిన రోజు మా అమ్మ సంతోషపడలేదు, భయపడింది. "నౌకరీ కాదంటివి. మరి నెలనెలా పైసలు ఎందుకిస్తరు బిడ్డా? మళ్ల కట్టాల్నా?" అని అడిగింది. ఆమె భయంలో తప్పు లేదు. మన గూడేల్లో బయటివాడు చేతిలో పెట్టిన ప్రతి రూపాయికీ వడ్డీ ఉంది. షావుకారు ఇచ్చిన జొన్నలకు పంట పోయింది, ఇచ్చిన అప్పుకు భూమి పోయింది. చదువుకున్నందుకు నెలనెలా డబ్బు ఇస్తారంటే, దాని వెనక ఏ కాగితం మీద వేలిముద్ర ఉందోనని ఆమె అనుమానం.

ఆ రోజు ఆమెకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ డబ్బు ఎక్కడి నుంచి మొదలైంది, ఎవరికి ముందు అందింది, మన చేతికి ఎప్పుడు వచ్చింది అన్నది అప్పటికి నాకే తెలియదు. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. డిగ్రీ, పీజీ చదువుతున్న మన పిల్లలకూ, వాళ్లకు చదువు చెప్పే ఉపాధ్యాయులకూ ఇది అవసరమని నా నమ్మకం.

మన మీద రాసినవాళ్లకు డబ్బు ఎక్కడిది?

గోండులు, కొండరెడ్లు, చెంచులు, సవరల మీద పుస్తకాలు చాలా ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు ఏం రాశారో చూస్తాం. ఆ రాసే రోజుల్లో రచయితకు అన్నం ఎవరు పెట్టారు అన్నది అడగం. అడిగి చూద్దాం.

వియన్నాలో 1909లో పుట్టిన క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ యువకుడిగా లండన్‌లో మానవశాస్త్రం చదవడానికి అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఫెలోషిప్ ఇచ్చింది. 1939లో ఆయన ఇండియాకు వచ్చాక రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. శత్రుదేశపు పాస్‌పోర్టు ఉన్నవాడు కాబట్టి బ్రిటిష్ వాళ్లు ఆయన తిరుగుళ్ల మీద ఆంక్షలు పెట్టారు. హైదరాబాద్ రాజ్యంలో ఉండి పని చేసుకోవడానికి వీలు దొరికింది. కుమ్రం భీం పోరాటం తరువాత, ఆదిలాబాద్ గోండుల్లో అసంతృప్తి ఎందుకుందో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. ఆ పనికీ హైమెండార్ఫే దొరికాడు. ఆయన చెంచుల మీద రాసిన పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద రాసింది 1945లో, రాజగోండుల మీద రాసింది 1948లో వచ్చాయి. ప్రభుత్వంలో సలహాదారు పదవి, ఉస్మానియాలో ప్రొఫెసర్ ఉద్యోగం కూడా ఆయనకు దక్కాయి.

ఆయన చేసిన మేలును మనం మరవలేదు. భూమి పట్టాల విషయంలో ఆయన నివేదికలు పనికొచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు తయారయ్యాయి. ఆయన భార్య బెట్టీ సమాధి జైనూర్ మండలంలోని ఆ మార్లవాయిలోనే ఉంది. అయినా ఒక మాట చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి ఒక గూడెంలో కూర్చుని, చూసి, విని, రాసుకునే తీరిక ఆయనకు ఉంది. ఆ తీరికకు ఎవరో ఒకరు ఖర్చు పెట్టారు. ఆయనకు కథలు చెప్పిన ప్రధాన్‌కు, దారి చూపిన పటేల్‌కు ఆ తీరిక లేదు.

మరోవైపు గిడుగు రామమూర్తి పంతులు ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవరలకు బడులు పెట్టారు. ప్రభుత్వం ఇవ్వబోయిన పారితోషికాన్ని తీసుకోకుండా, దాన్ని సవరల బడికే వాడమన్నారని ఆయన జీవిత చరిత్రలు చెబుతాయి. సవర భాష మీద ఆయన ఇంగ్లీషు పుస్తకం 1931లో మద్రాసులో అచ్చయింది. ఆయన త్యాగం గొప్పదే. అయితే ఆ త్యాగానికి కూడా ఒక జీతం ఆధారంగా ఉంది. ఆయనకు మాట నేర్పిన మనిషి పేరు పుస్తకం అట్ట మీద లేదు.

ఫెలోషిప్ డబ్బు అయినా, సర్కారు డబ్బు అయినా, సొంత జీతం అయినా, ఏదో ఒక ఆసరా లేకుండా పరిశోధన జరగలేదు. మనవాళ్లకు తెలివి తక్కువై కాదు, ఆ ఆసరా లేక చాలాకాలం "సమాచారం ఇచ్చేవాళ్లు"గానే మిగిలిపోయారు.

పదకొండున్నర పౌండ్లు

అణగారిన కులం నుంచి పరిశోధకుడిగా ఎదిగిన మనిషి అనగానే మనకు డాక్టర్ అంబేడ్కర్ గుర్తొస్తారు. ఆయన కథలో డబ్బు లెక్క కూడా చదవాలి. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఆయనకు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లకు స్కాలర్‌షిప్ ఇచ్చారు. చదువు అయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో పనిచేయాలని ఒప్పందం రాయించుకున్నారు. ఆ డబ్బుతోనే అంబేడ్కర్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1915లో అక్కడ ఎం.ఏ. పట్టా పొందారు. 1916లో పై చదువుకు లండన్ చేరారు.

1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. లండన్ చదువు సగంలో ఆపి ఆయన తిరిగి రావలసి వచ్చింది. అంబేడ్కర్ అంతటివాడి పరిశోధన కూడా డబ్బు ఆగిన చోట ఆగింది. బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టి, మిత్రుడు నావల్ భతేనా దగ్గర అప్పు తీసుకుని, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయంతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో డి.ఎస్సీ. పట్టా అందుకున్నారు. మధ్యలో పోయిన మూడేళ్లను ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఆ అనుభవం ఉన్న మనిషి కాబట్టే, 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాక షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల పై చదువుకు ప్రభుత్వమే డబ్బు కేటాయించాలని పట్టుబట్టారు. ఒక రాజుగారి దయ మీద నడిచిన సాయం బడ్జెట్‌లో పద్దుగా మారడం అప్పుడే మొదలైంది.

1944 నుంచి 1954 దాకా

1944లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ప్రవేశపెట్టారు. 1948–49లో దాన్ని షెడ్యూల్డ్ తెగలకు విస్తరించారు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 46వ అధికరణం ద్వారా మన విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో కాపాడే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. 1954–55లో విదేశాల్లో చదువుకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదలైంది.

కాగితం మీద చూస్తే, స్వతంత్రం వచ్చిన ఏడెనిమిదేళ్లలోనే కాలేజీ నుంచి విదేశీ పీహెచ్‌డీ దాకా దారి వేసినట్టే. కానీ కింది మెట్లు లేకుండా పై మెట్టు ఎవరెక్కుతారు? మన ప్రాంతాల్లో ఐదో తరగతి దాటడమే గగనమైన రోజులవి. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, ఐటీడీఏలు వచ్చి, ఒక తరం పిల్లలు పీజీ దాకా చేరడానికి ఇంకో ముప్పై, నలభై ఏళ్లు పట్టింది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎంతోమందిని డిగ్రీ గట్టెక్కించింది. అయితే అది ఫీజులకూ, హాస్టల్ తిండికీ లెక్కగట్టిన డబ్బు. పీజీ అయ్యేసరికి విద్యార్థి వయసు ఇరవై మూడు, ఇరవై నాలుగు. ఆ వయసు కొడుకో కూతురో ఇంకో ఐదేళ్లు ఇంటికి రూపాయి పంపకుండా చదువుతానంటే ఏ పోడు రైతు కుటుంబం తట్టుకుంటుంది? పరిశోధన దశకు కావాల్సింది జీవనభృతి. అది మనకు విడిగా రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది.

చికాగో నుంచి రాంచీకి

ఆ లోపల కూడా దారి చేసుకుని వెళ్లినవాళ్లు ఉన్నారు. జార్ఖండ్‌కు చెందిన రామ్‌దయాళ్ ముండా 1939లో దియూరి అనే పల్లెలో పుట్టారు. 1960లలో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లి భాషాశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. ఆ విశ్వవిద్యాలయంలో నార్మన్ జైడ్ అనే భాషాశాస్త్రవేత్త ముండా భాషల మీద చాలాకాలం పనిచేశారు. ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో తన తల్లిభాషే పరిశోధన వస్తువు కావడం, దాన్ని పరిశోధించేవాడు ఆ భాష పుట్టుకతో మాట్లాడేవాడే కావడం మన చరిత్రలో చిన్న విషయం కాదు.

ఆయన తరువాత మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. అక్కడే ఉండిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. 1980ల మొదట్లో రాంచీకి తిరిగి వచ్చి గిరిజన, ప్రాంతీయ భాషల విభాగాన్ని నిలబెట్టారు. ముండారి, సంతాలీ, హో, ఖరియా, కుడుఖ్ భాషలు అక్కడ పీజీ పాఠాలయ్యాయి. తరువాత ఆ విశ్వవిద్యాలయానికే ఉపకులపతి అయ్యారు. ఆ విభాగంలో చదువుకున్నవాళ్లు జార్ఖండ్ ఉద్యమంలోనూ, ఆదివాసీ సాహిత్యంలోనూ కనిపిస్తారు. ఒక్క మనిషి పరిశోధనకు దొరికిన ఆసరా ఒక ప్రాంతానికి ఎలా తిరిగి వస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. గోండీ, కోయ, కొలామీ, కువి, సవర భాషలకు మన రెండు రాష్ట్రాల్లో అలాంటి విభాగం ఎప్పుడు వస్తుందన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

నెట్ అనే గోడ, 2005 అనే తలుపు

దేశంలో పరిశోధనకు పెద్ద ఆధారం జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, మనం జేఆర్ఎఫ్ అనేది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్‌కు 1956లో చట్టబద్ధత వచ్చింది. 1980లలో జేఆర్ఎఫ్‌కు జాతీయ స్థాయి పరీక్ష తప్పనిసరి అయింది. 1989 నుంచి నెట్ జరుగుతోంది. నెట్‌లో మనకు రిజర్వేషన్ ఉంది. అయినా ఇంగ్లీషు, హిందీల్లో ఉండే పరీక్ష, పట్నంలో కోచింగ్, నెలల తరబడి ఖాళీగా కూర్చుని చదివే వీలు, ఇవన్నీ కలిస్తేనే జేఆర్ఎఫ్. నెట్ పాసై లెక్చరర్ అర్హత వచ్చి, జేఆర్ఎఫ్ గీతకు కొద్దిలో కింద మిగిలిపోయిన మనవాళ్లు ప్రతి యూనివర్సిటీ హాస్టల్లో కనిపించేవాళ్లు.

2005–06లో రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్ వచ్చింది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఏటా రెండు వేల ఫెలోషిప్‌లు. అందులో ఎస్టీలకు 667. దీని ముఖ్యమైన గుణం, నెట్ పాస్ కావాలన్న షరతు లేకపోవడం. పీజీ చేసి, ఎంఫిల్ లేదా పీహెచ్‌డీలో చేరినవాళ్లను మార్కుల ఆధారంగా ఎంపిక చేశారు. మొదటి రెండేళ్లు జేఆర్ఎఫ్ స్థాయిలో, తరువాతి మూడేళ్లు ఎస్ఆర్ఎఫ్ స్థాయిలో, మొత్తం ఐదేళ్లు భృతి. హాస్టల్ లేకపోతే ఇంటి అద్దె భత్యం, పుస్తకాలకూ క్షేత్రపర్యటనలకూ కంటింజెన్సీ వేరు.

ఈ ఐదేళ్లు అన్న మాటలో చాలా ఉంది. ఇంటికి కొంత పంపి, తాను తిని, మిగిలిన దానితో ఊరూరా తిరిగి సమాచారం సేకరించే వీలు మన పిల్లలకు మొదటిసారి పెద్ద సంఖ్యలో దొరికింది. మేడారం జాతర గురించి, పోడు గురించి, పోలవరం ముంపు గూడేల గురించి ఆ ఇంటి పిల్లలే సిద్ధాంత గ్రంథాలు రాయగలిగే స్థితి వచ్చింది.

తరువాత ఈ పథకం గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ కింద ఎస్టీ విద్యార్థుల నేషనల్ ఫెలోషిప్‌గా మారింది. సంఖ్య ఏటా 750కి పెరిగింది. మహిళలకు, వికలాంగులకు, ఆదిమ గిరిజన సమూహాలకు అందులో విడిగా వాటా ఉంది. చెంచు, కొలాం, తోటి, కొండరెడ్డి, గదబ వంటి సమూహాల పిల్లలకు ఈ సంగతి చేరాలి.

కాగితం మీది డబ్బు, చేతికి రాని డబ్బు

ఫెలోషిప్ మొత్తాలు తమంతట తాము పెరగలేదు. జేఆర్ఎఫ్ 2010లో నెలకు 16,000 రూపాయలు. 2014 చివర 25,000 అయింది. 2019లో 31,000, 2023లో 37,000. ఈ పెంపుల వెనక పరిశోధక విద్యార్థుల ధర్నాలు ఉన్నాయి. నెట్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఇచ్చే 8,000 రూపాయల ఫెలోషిప్‌ను 2015 అక్టోబర్‌లో యూజీసీ ఆపేయాలని నిర్ణయిస్తే, విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందే బైఠాయించారు. ఆ ఫెలోషిప్ నిలిచింది. మొత్తం మాత్రం పెరగలేదు.

ఇంకో బాధ ఆలస్యం. నా అనుభవమే చెబుతాను. ఒక ఏడాది నాకు వరసగా ఏడు నెలలు డబ్బు పడలేదు. గైడ్ సంతకం పెట్టిన కాగితం ఒక ఆఫీసులో, అటెండెన్స్ సర్టిఫికెట్ ఇంకో ఆఫీసులో, బ్యాంకు పోర్టల్‌లో ఎక్కించాల్సిన వివరం మరెక్కడో ఆగింది. మెస్ బిల్లు పెరిగింది. క్షేత్రపర్యటన మానుకున్నాను. ఊళ్లో తమ్ముడు అప్పు చేసి పంపాడు. ఏడు నెలల బకాయి ఒకేసారి పడ్డ రోజు నేను సంతోషంగా లేను, అలసిపోయి ఉన్నాను. పోయిన పంట కాలంతో పాటు నేను చూడాల్సిన పండుగ కూడా ఆ ఏడాదికి పోయింది.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రాణాలు కోల్పోయిన రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో కూడా, తనకు రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ లక్షా డెబ్బై ఐదు వేల సంగతి, మిత్రుడికి తీర్చాల్సిన బాకీ సంగతి రాశాడు. ఫెలోషిప్ ఆలస్యం అంటే ఫైలు ఆలస్యం అనుకునేవాళ్లు ఆ లెక్క చదవాలి. ఇలాంటి రోజుల్లో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒకే మాట: ఒంటరిగా మోయకండి. సీనియర్లకు చెప్పండి, సంఘానికి చెప్పండి, ఇంటికి చెప్పండి. బకాయి పడింది వాళ్లు, సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ఫెలోషిప్ వేరు, అసిస్టెంట్‌షిప్ వేరు

మన పిల్లలు ఈ రెండింటినీ ఒకటిగా అనుకుంటారు. తేడా తెలియాలి.

ఫెలోషిప్ మీ సొంత పరిశోధనకు ఇచ్చే భృతి. అంశం మీది, గ్రంథం మీది. నేషనల్ ఫెలోషిప్, యూజీసీ జేఆర్ఎఫ్, సైన్స్ వాళ్లకు సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్, సామాజిక శాస్త్రాలకు ఐసీఎస్ఎస్ఆర్, చరిత్రకు ఐసీహెచ్ఆర్ ఫెలోషిప్‌లు ఈ కోవలోవి. 2018లో ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ ఐఐటీల వంటి సంస్థల్లో నెలకు 70,000 రూపాయలతో మొదలైంది.

అసిస్టెంట్‌షిప్ మీరు చేసే పనికి ఇచ్చే డబ్బు. టీచింగ్ అసిస్టెంట్ అయితే చిన్న తరగతులకు పాఠం, ల్యాబు, పేపర్లు దిద్దడం. రీసెర్చ్ అసిస్టెంట్ అయితే ప్రొఫెసర్ ప్రాజెక్టులో పని. అమెరికాలో చాలా పీహెచ్‌డీలు దీని మీదే నడుస్తాయి. ఫీజు మాఫీ చేసి, నెలకు భృతి ఇచ్చి, వారానికి ఇన్ని గంటలని పని చేయించుకుంటారు. అక్కడి పీహెచ్‌డీ అంటే లక్షల అప్పు అనుకుని దరఖాస్తే పెట్టని పిల్లలను చూశాను. మంచి విభాగంలో సీటు వస్తే చాలాసార్లు డబ్బు సీటుతోనే వస్తుంది. దరఖాస్తు చేసేటప్పుడే ఆ మాట అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇక్కడ పీహెచ్‌డీలో చేరినవాళ్లు కొన్ని నెలలు అమెరికాలో పనిచేసి రావడానికి ఫుల్‌బ్రైట్–నెహ్రూ ఫెలోషిప్ ఉంది. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఎస్టీలకు ఏటా ఉన్నవి 20 మాత్రమే. జార్ఖండ్ ప్రభుత్వం జైపాల్ సింగ్ ముండా పేరుతో తమ ఆదివాసీ విద్యార్థులను విదేశాలకు పంపుతోంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కూడా విదేశీ విద్యకు పథకాలు నడిపాయి. షరతులు మారుతుంటాయి కాబట్టి ప్రతి ఏటా ప్రకటన చూడాలి.

ప్రాజెక్టు ఉద్యోగాల విషయంలో ఒక హెచ్చరిక. మన ప్రాంతాల మీద సర్వేలు వచ్చినప్పుడు, భాష తెలిసినవాళ్లని మన పిల్లలనే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లుగా తీసుకుంటారు. సొంత గూడెంలో సొంత అవ్వతాతల మాటలు రాసి ఇచ్చి, చివరకు పుస్తకంలో కృతజ్ఞతల పేజీలో ఒక పేరుగా మిగులుతారు. ఆ పని చేయవద్దని అనను, ఆకలి ఆగదు. చేరేటప్పుడే సహ రచయితగా పేరు ఉంటుందా, సేకరించిన దాన్ని నా పీహెచ్‌డీకి వాడుకోవచ్చా అని అడగండి. వందేళ్ల కింద గిడుగు వారింట్లో సవర నేర్పిన ఆ మనిషికి అడిగే వీలు లేదు. మీకు ఉంది.

ఉపాధ్యాయులకు ఒక మాట

పీహెచ్‌డీ డబ్బు గురించి పీహెచ్‌డీలో చేరాక తెలిస్తే ఆలస్యం. పీజీ మార్కులే ఎంపికకు ఆధారమైన చోట, పీజీ మొదటి సెమిస్టర్‌లోనే ఆ సంగతి తెలిసి ఉండాలి. కుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా, సర్టిఫికెట్లలో పేరు అన్నీ ఒకే తీరుగా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి నెలల డబ్బు ఆగినవాళ్లు ఉన్నారు. ఈ సవరణలు పదో తరగతిలో ఉపాధ్యాయులే చేయించగలరు. డిగ్రీ కాలేజీ నోటీసు బోర్డు మీద ఏటా ఫెలోషిప్ ప్రకటన అంటించడానికి ఖర్చేమీ లేదు.

మా అమ్మ అడిగిన దానికి ఇప్పుడు నా దగ్గర జవాబు ఉంది. కట్టక్కర్లేదమ్మా. ఇది అప్పు కాదు, ఎవరి దయా కాదు. మన అడవి, మన బొగ్గు, మన నీళ్ల మీద ఎదిగిన దేశం పద్దులో మనకు రాసిన చిన్న వాటా. ఆమె ఇంకా ఒక మాట అడుగుతుంది, నాకు తెలుసు: "మరి ఐదేండ్లు తిని ఏం రాసినవ్?" ఆ ప్రశ్నకు పుస్తకంతోనే జవాబు చెప్పాలి. దాని అట్ట మీద మన పేరు ఉండాలి. లోపల, మనకు కథ చెప్పిన అవ్వ పేరు, ఆమె ఊరి పేరు తప్పు లేకుండా ఉండాలి.